అందరికీ ఏకవచనమే

నేను ఒక చెక్క ముక్కను. తుమ్మ చెక్క, జానెడు పొడుగు, రెండు వంపులు, పైన తగిలించడానికి ఒక చిల్లు. ఇంగ్లీషు చదువుకున్నవాళ్ళు నన్ను చూడగానే ఎస్ అంటారు. చదువుకోనివాళ్ళు పాము అన్నారు, కొక్కెం అన్నారు, ఒకావిడ అయితే విరిగిన జిలేబీ అంది. ఏ పేరు పెట్టి పిలిచినా పలుకుతాను. పేరు విషయంలో నాకు పట్టింపు లేదు. నా పట్టింపంతా క్రియ దగ్గరే.

ముందే ఒక మాట చెప్పేస్తాను, తర్వాత గొడవ వద్దు. ఈ కథలో హెడ్మాస్టరు వచ్చాడు, ఛైర్మన్ వచ్చాడు, ఆఫీసరు వచ్చాడు అనే చెబుతాను. వయసుకీ, పంచె అంచుకీ, జేబులో పెన్నులకీ నేను లొంగను. ఒక్కరైతే ఒక్కరే. ఇద్దరి దగ్గర మాత్రం ఈ నియమాన్ని పక్కన పెడతాను. ఒకరు సలోమి టీచరుగారు, ఇంకొకరు ఆవిడ నాన్న దావీదుగారు. వాళ్ళిద్దరికీ 'వచ్చారు' అనే అంటాను. పుట్టినప్పటి నుంచి ఊరంతా కలిసి వాళ్ళకి ఎగ్గొట్టిన 'రు'లు బోలెడున్నాయి, నా వంతుగా నేను కొన్ని ఇస్తున్నాను. ఇది పక్షపాతం కదా అంటారా? అవును, పక్షపాతమే.

మా ఊరు ఓలేటివారిలంక. కృష్ణ రెండు పాయలుగా చీలిన చోట, నడుమ మిగిలిన నేల. అవతలి గట్టుకి పోవాలంటే పడవ ఎక్కాల్సిందే. ఏడో తరగతి దాకా ఉన్న బడి ఒక్కటే కాబట్టి పెద్దిళ్ళ పిల్లలూ ఊరవతలి పాలెం పిల్లలూ అందులోనే చదవాలి. బల్లలు చాలక పక్కపక్కన కూడా కూర్చోవాలి. అలా ఇరుక్కుని కూర్చోగా ఒకనాడు ఒక బల్ల విరిగింది. దాని కాలిని నేను.

బాగుచెయ్యడానికి వచ్చిన వడ్రంగి వీరాచారికి సలోమి టీచరుగారు ఒక కాగితం మీద నా బొమ్మ గీసి ఇచ్చారు. "ఇట్టా ఒక ముక్క కోసిపెట్టండి ఆచారిగారూ, పిల్లలకి పాఠం చెప్పాలి" అన్నారు. వీరాచారి శ్రద్ధగలవాడే, కాకపోతే కాగితాన్ని బోర్లా అంటించాడు. అవతలి నుంచి సిరా గీత కనబడుతూనే ఉంది కదా అని దాని వెంబడి రంపం నడిపాడు. గేటుకి వేయగా మిగిలిన ఎర్రరంగు పూసి, ఆరబెట్టి, గర్వంగా తెచ్చి చూపించాడు. నా వంపులు రెండూ తిరగబడి ఉన్నాయి.

పిల్లలు పగలబడి నవ్వారు. హెడ్మాస్టరు కామేశ్వరరావు వచ్చి చూసి, "అక్షరం రానివాడితో అక్షరం కోయిస్తే ఇట్టాగే ఉంటుంది" అన్నాడు. సలోమి టీచరుగారు నన్ను తీసుకుని తిప్పి పట్టుకున్నారు. అంతే, సరిపోయింది. "ఈ పక్క కూడా కాస్త రంగెయ్యండి చాలు" అన్నారు. అప్పటి నుంచి నాకు రెండు ముఖాలు. ఒకటి తప్పు, ఒకటి ఒప్పు, రెండూ ఎరుపే. అక్షరం రానివాడు అని నన్ను చేసినవాణ్ణి వెక్కిరించిన ఆ హెడ్మాస్టరు ప్రతి ఉదయం ప్రార్థనలో "ఎవ్రీబడీ ఆర్ ప్రెజెంట్" అనేవాడు. ఎవ్రీబడీ పక్కన ఈజ్ ఉండాలి. అదీ ఒక్కరి లెక్కే కాబట్టి నా బంధువే. వింటున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

ఇక నా పనేమిటో చెబుతాను. నల్లబల్ల పక్కన గోడకి రెండు మేకులు కొట్టారు. మొదటి మేకు పేరు ఎవరు, రెండో మేకు పేరు ఏం చేస్తారు. ఉన్నది ఒక్క ఎస్. అబ్బాయిలు చాలామంది అయితే మొదటి మేకుకి నన్ను తగిలించాలి, బాయ్స్ కమ్. అబ్బాయి ఒక్కడే అయితే అక్కడి నుంచి తీసి రెండో మేకుకి తగిలించాలి, బాయ్ కమ్స్. ఇద్దరి దగ్గరా ఒకేసారి ఉండను, ఇద్దరినీ ఒకేసారి వదలను. పిల్లలకి ఇది భలే నచ్చింది. అందరి దగ్గరా ఈ కిటుకు పనిచెయ్యదు, 'నేను' 'నువ్వు' దగ్గర నాకు పనే ఉండదు. నేను కూడా ఒక్కణ్ణే కదా, నాకెందుకు ఎస్ లేదు అని ఒకడు అడిగితే, "అది ఇంగ్లీషు వాళ్ళని అడగాలి" అని సలోమి టీచరుగారు కూడా నవ్వేశారు.

ఆవిడ గురించి చెప్పాలి. ఆవిడది మా ఊరి పాలెమే. నాన్న దావీదుగారు వీరభద్రయ్య ఇంట్లో పాలేరు, గేదెల కొట్టం ఆయన చేతుల మీదే నడిచేది. అవతలి గట్టుకి రోజూ పడవెక్కి వెళ్ళి కూతురు డిగ్రీ చదివారు. బడిలో ఇంగ్లీషుకి ఎవరూ లేకపోతే వలంటీరుగా పెట్టుకున్నారు. పర్మినెంటు ఉద్యోగం కాదు. ఏటా జూన్‌లో బడి కమిటీ ఛైర్మన్ సరే అంటేనే ఉంటారు, కాదంటే ఇంటికే. ఆ ఛైర్మన్ ఈ వీరభద్రయ్యే.

ఊళ్ళో క్రియలు ఎలా నడిచేవో నేను గోడ మీద నుంచి రోజూ వినేదాన్ని. హెడ్మాస్టారు వచ్చారు. తెలుగు చెప్పే సీతామహాలక్ష్మి టీచరుగారు వచ్చారు. సలోమి వచ్చింది. గంట కొట్టేవాడి దగ్గర నుంచి, మధ్యాహ్నం భోజనం పెట్టేదాని దాకా అందరికీ 'సలోమి వచ్చింది'. కుక్క వచ్చింది, వాన వచ్చింది, సలోమి వచ్చింది. నేను మేకు మీద నుంచి జారితే 'ఎస్ పడింది' అంటారు కదా, ఆ పడిందీ ఈ వచ్చిందీ ఒక్కటే. మా ఇద్దరికీ ఆ ఊరు ఇచ్చిన క్రియ ఒకటే. అందుకేనేమో, ఆవిడ చేతిలో ఉంటే నాకు ఏదో మా ఇంట్లో ఉన్నట్టు ఉండేది.

ఒకరోజు ఆవిడ నల్లబల్ల మీద కొత్త వాక్యాలు రాశారు, అన్నిట్లోనూ ఊళ్ళో మనుషులే. హెడ్మాస్టర్ కమ్, సీతామహాలక్ష్మి టీచర్ కమ్, సలోమి టీచర్ కమ్, దావీద్ కమ్. ఒక్కో వాక్యం చదివి, ఎస్ కావాలంటే రెండో మేకుకి తగిలించమన్నారు. ముందుకొచ్చింది హిమబిందు. వీరభద్రయ్య మనవరాలు, ఆరో తరగతి, చురుకైన పిల్ల. హెడ్మాస్టర్ దగ్గర నన్ను చేతిలోకి తీసుకుంది, ఒక్క క్షణం ఆలోచించి మళ్ళీ కిందపెట్టింది. సీతామహాలక్ష్మి దగ్గరా అంతే. సలోమి దగ్గరకొచ్చేసరికి ఆలోచన కూడా లేదు, టక్కున తగిలించింది. దావీద్ దగ్గరా టక్కున తగిలించింది.

సలోమి టీచరుగారు మిగతావాళ్ళని పిలిచారు. పెద్దిళ్ళ పిల్లలు వచ్చారు, పాలెం పిల్లలు వచ్చారు. అందరూ అదే చేశారు. పాలెం పిల్లలు కూడా.

"హెడ్మాస్టారికి ఎందుకు పెట్టలేదు హిమబిందూ?" అని అడిగారు ఆవిడ.

"ఆయన పెద్దోళ్ళు కదండీ. వస్తారు అంటాం. బాయ్స్ వస్తారు, హెడ్మాస్టారు వస్తారు. రెండిటికీ 'వస్తారే'గా, ఎస్ ఉండదు."

"మరి నాకు?"

"మీకు..." పిల్ల తడుముకోలేదు, దాచుకోవాల్సిన మాట అని దానికి తెలియదు. "మీకు వస్తుంది అంటాంగా. అందుకని ఎస్."

నేను చాలా తప్పులు చూశాను. నన్ను తగిలించాల్సిన చోట మర్చిపోయినవాళ్ళనీ, వద్దన్న చోట తగిలించినవాళ్ళనీ చూశాను. ఇంత నిజాయితీ ఉన్న తప్పు మాత్రం మళ్ళీ చూడలేదు. ఇంగ్లీషు వ్యాకరణం మా పిల్లల చేతిలో ఊరి వ్యాకరణం అయిపోయింది. నేను ఎవరి పక్కనుంటే వాళ్ళు తక్కువ. ఆ గదిలో ఒక్క సలోమి టీచర్ వాక్యమూ ఒక్క దావీద్ వాక్యమూ సరిగ్గా వచ్చాయి, ఆ సరైనవే ఆవిడకి తగిలిన దెబ్బలు.

ఆవిడ సుద్దముక్క కిందపెట్టి, చేతులు దులుపుకున్నారు. కోప్పడలేదు. "ఇంగ్లీషులో ఒక్కరంటే ఒక్కరే. హెడ్మాస్టారైనా, మా నాన్నైనా. అందరికీ ఎస్ పెట్టు" అన్నారు.

"మా తాతయ్యకి కూడానా?"

"మీ తాతయ్యకి కూడా."

హిమబిందు హెడ్మాస్టర్ వాక్యానికి నన్ను తీసుకెళ్ళి రెండో మేకుకి తగిలించింది, కాస్త భయంగానే. తర్వాత వెనక్కి తిరిగి, "మరి తెలుగులో ఎట్టాగండీ?" అని అడిగింది.

"తెలుగులో మీ ఇష్టం. నేను ఇంగ్లీషు టీచర్ని" అన్నారు సలోమి టీచరుగారు.

వేసవి సెలవుల ముందు మండలం నుంచి ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. ఇంగ్లీషులో ఎమ్మే చేసినవాడట. పక్కన కుర్చీలో వీరభద్రయ్య, వెనక చేతులు కట్టుకుని హెడ్మాస్టరు. సలోమి టీచరుగారి పాఠం పెట్టించారు. జూన్‌లో ఆవిడ ఉండాలో పోవాలో తేలేది ఈ పాఠం మీదే అని బడి గోడలకి కూడా తెలుసు. పాఠం బాగా సాగింది. మేకు నుంచి మేకుకి నేను ఎగిరాను, పిల్లలు ఒక్క తప్పు కూడా చెయ్యలేదు. ఆఫీసరుకి సరదా పుట్టింది. "ఛైర్మన్‌గారి మీద ఒక వాక్యం రాయించండి" అన్నాడు.

సలోమి టీచరుగారు రాశారు, వీరభద్రయ్యగారు కమ్ టు స్కూల్. గారు తియ్యలేదు, గమనించండి. మనవరాలే లేచింది. నన్ను పట్టుకుని తిన్నగా కమ్ మేకు దగ్గరికి వెళ్ళి తగిలించింది. ఆఫీసరు చప్పట్లు కొట్టాడు. నా జీవితంలో అంత నిటారుగా ఎప్పుడూ వేలాడలేదు.

"నా పేరు పక్కన ఆ వంకర ముక్క ఏంది?" అని అడిగాడు వీరభద్రయ్య.

"ఎస్ అండి" అన్నాడు ఆఫీసరు. "మీరు ఒక్కరు కదా, ఏకవచనం. అందుకని..."

"ఏకవచనమా? నన్ను?"

తెలుగు ఊళ్ళో ఏకవచనం అంటే వ్యాకరణం కాదని ఆఫీసరుకి ఆలస్యంగా గుర్తొచ్చింది. ఏకవచనంతో మాట్లాడాడని పెళ్ళిళ్ళు ఆగాయి, ఏకవచనంతో పిలిచాడని అన్నదమ్ములు విడిపోయారు. ఆ మాట నోట్లో పెట్టుకుని అతను ఛైర్మన్ ముందు కూర్చున్నాడు.

"పదిమందిలో నన్ను ఏకవచనంతో రాయించింది. దావీదు కూతురు" అన్నాడు వీరభద్రయ్య. గొంతు పెంచలేదు. పెంచే అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు.

హెడ్మాస్టరు ముందుకు ఉరికాడు. "సలోమీ, ఆ ఎస్ తీసెయ్యమ్మా. పెద్దాయనకి బహువచనం పెడితే పోయేదేముంది."

"తీస్తే ఆయన ఒక్కరు కాదండి, గుంపు అవుతారు" అన్నారు సలోమి టీచరుగారు. వెనక బల్ల నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

"నిన్ను ఈ బళ్ళో పెట్టింది నేను" అన్నాడు వీరభద్రయ్య.

"నన్ను పెట్టింది మీరేనండి. దాన్ని పెట్టింది మీ మనవరాలు. సరిగ్గా పెట్టింది."

ఆఫీసరుకి ఏది ఒప్పో తెలుసు. ఆ గదిలో అందరికన్నా బాగా తెలుసు. అతను చేతి గడియారం చూసుకుని, చిన్న విషయానికి ఇంత ఎందుకులెండి అన్నాడు. హెడ్మాస్టరు స్వయంగా వచ్చి నన్ను పీకి బల్ల మీద పడేశాడు. ఆ రోజంతా నల్లబల్ల మీద ఆ తప్పు వాక్యం అలాగే ఉంది. చిన్న విషయమట. చిన్న విషయమే అయితే ముగ్గురు మగవాళ్ళు కలిసి ఒక చెక్కముక్క మీద పడడం ఎందుకు?

సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక సలోమి టీచరుగారు నన్ను ఒళ్ళో పెట్టుకుని సుద్ద తుడుస్తూ కూర్చున్నారు. కిటికీ అవతల దావీదుగారు వచ్చి నిలబడ్డారు. కూతురు టీచరే అయినా ఆయన ఎప్పుడూ గది లోపలికి రాలేదు.

"తీసెయ్యకపోయావా అమ్మా. ఒక ముక్కేగా" అన్నారు.

"నీకు ఊరంతా తీసేసింది కూడా ఒక ముక్కేగా నాన్నా."

ఆయన కిటికీ ఊచ పట్టుకున్నారు. "వచ్చాడు అన్నా, వచ్చారు అన్నా నడిచేది ఈ కాళ్ళేగా. నాకు అలవాటైపోయింది. వెళ్ళి తప్పయిందని ఒక్క మాట చెప్పు, ఆయన మనసు కరుగుద్ది. ఊళ్ళో నా కళ్ళ ముందు ఉంటావు."

"ఏం తప్పయిందని చెప్పను? వ్యాకరణం తప్పని చెప్పనా?"

"నాకేం తెలుసమ్మా వ్యాకరణం. నువ్వెళ్ళిపోతావేమోనని."

ఆవిడ ఏడ్చారు. అది చూసినది నేనూ ఆయనా. ఏడ్చి కూడా వెళ్ళి చెప్పలేదు. నేను ఆవిడని ఇష్టపడ్డది పాఠం చెప్పినందుకు కాదు, ఇందుకు.

సెలవుల్లో హెడ్మాస్టరు గదులు ఊడిపిస్తూ నన్ను విరిగిన కుర్చీల గదిలోకి విసిరించాడు. చిరిగిన భూగోళం పటం, మోగని గంట, నేను. నా చరిత్ర అక్కడితో సరి అనుకున్నవాళ్ళు ఉన్నారు. బడి ఆవరణలో ఆడుకోవడానికి వచ్చిన హిమబిందు కిటికీలోంచి చెయ్యి పెట్టి నన్ను లాక్కుంది. ఇంటికి తీసుకెళ్ళి వసారాలో స్తంభానికి ఉన్న మేకుకి తగిలించి, నా కింది వంపుకి తన పుస్తకాల సంచీ వేలాడదీసింది.

"ఈ ముక్క ఇక్కడికెట్టా వచ్చింది?" అన్నాడు వీరభద్రయ్య.

"కొక్కెం తాతయ్యా. సంచీకి" అంది.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. మనవరాలి మీద ప్రాణం కాబట్టి ఊరుకున్నాడు. అలా నేను సరిగ్గా అతని పడకకుర్చీకి ఎదురుగా, ఒప్పు ముఖంతో, పొద్దున్నే అతను కళ్ళెత్తితే మొదట కనబడేట్టు స్థిరపడ్డాను. బడి గోడ మీద నుంచి పీకేసిన నన్ను తన ఇంట్లోనే మోస్తున్నాడు. ఇంతకన్నా ఏం కావాలి నాకు?

అక్కడ నుంచి చూస్తే హిమబిందులో ఒక మార్పు కనబడింది. గేదెల దగ్గర నుంచి దావీదుగారు వస్తుంటే పిల్ల "తాతయ్యా, దావీదు..." అని మొదలుపెట్టి క్రియ దగ్గర ఆగిపోయేది. వచ్చాడు అనదు, వచ్చారు అనదు. నోరు తెరిచి, మూసి, వేలితో చూపించి పారిపోయేది. సగం వాక్యాలతో ఆ ఇంట్లో వేసవి గడిచింది. అది సిగ్గో ఆలోచనో నాకు తెలియదు, చెక్కముక్కకి అంత లోతు అందదు.

జూన్‌లో కమిటీ కూర్చుంది. సలోమి వద్దు అన్నాడు వీరభద్రయ్య, అందరూ తలూపారు. ఆవిడ పట్నంలో ఒక ప్రైవేటు బడిలో పని చూసుకున్నారు. బడి తెరిచే రోజే, పొద్దున పడవకి, పెట్టె పట్టుకుని వెళ్ళిపోయారు. నన్ను తీసుకెళ్ళడానికి రాలేదు. నేను ఎక్కడున్నానో ఆవిడకి తెలియదు. తెలిస్తే నవ్వేవారు.

కూతుర్ని పడవెక్కించి, దావీదుగారు ఎప్పటిలాగే పాలతప్పేలా పట్టుకుని వసారా మెట్ల దగ్గరికి వచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వీరభద్రయ్య పడకకుర్చీలో పేపరు చదువుతున్నాడు.

"ఏరా దావీదూ, సలోమి ఎల్లిపోయిందంటగా?"

"ఎల్లిందండి. పొద్దున పడవకే."

"మంచిది. పట్నంలో ఎవరికి ఏకవచనం పెట్టుకుంటదో పెట్టుకోమను."

రెండు జడలు వేసుకుని, కొత్త రిబ్బన్లతో బడికి బయల్దేరిన హిమబిందు సంచీ కోసం నా మీదికి చెయ్యి చాపింది. సంచీ తియ్యలేదు. చెయ్యి అలాగే నా మీద ఉంచి వెనక్కి తిరిగింది.

"ఎల్లిపోయింది కాదు తాతయ్యా. వెళ్ళిపోయారు."

"ఏంటీ?"

"సలోమి టీచరుగారు వెళ్ళిపోయారు. దావీదుగారైతే వెళ్ళింది అనొచ్చు, వాళ్ళమ్మాయి కాబట్టి. మనం అనకూడదు. మనం వెళ్ళిపోయారు అనాలి."

దావీదుగారు తప్పేలా మెట్టు మీద పెట్టేశారు. వీరభద్రయ్య పేపరు మడిచాడు. చెయ్యి చేసుకునే మనిషి కాదు, మనవరాలిని అసలు కొట్టడు. అతనికి అలవాటైన మాటలేవీ ఆ పిల్లకి పనికిరావు. తనే ఎత్తుకు పెంచిన పిల్ల, తన ఎదురుగా నిలబడి తన క్రియని దిద్దుతోంది. చివరికి గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవరు నేర్పారే నీకిది?"

నేర్పారు అన్నాడు. విన్నారా? నేనూ విన్నాను, దావీదుగారూ విన్నారు. ఎవరు అని మొదలుపెట్టాక 'రు' తప్పించుకునే దారి తెలుగులో అతనికీ దొరకలేదు. క్రియ అతని నోటి నుంచే వచ్చింది. కర్త ఎవరో హిమబిందు చెప్పింది.

"సలోమి టీచరుగారు."